ఇంటివారు నింపవలసిన పేజీ

పరుపుల దుకాణం, మన ఇంటి ముందుగది
మే 24

నా పిడుగుకి,

నాన్న దీవించి రాసేది. నీ కవరు నిన్న మధ్యాహ్నం అందింది. అప్పుడు నేను ఒక పెద్ద పరుపు మీద ఎక్కి కూర్చుని అంచు కుడుతున్నాను. కవరు చింపి చదివి, చేతిలో సూది ఎక్కడ పెట్టానో మరిచిపోయాను. మీ అమ్మ ఆ పరుపు మొత్తం విప్పించి వెతికిస్తోంది. ఇంతవరకు దొరకలేదు. ఎవరికీ అమ్మొద్దని మాత్రం అనుకున్నాం.

కొత్త చట్టం వచ్చాక ఆడపిల్లలకు పెడుతున్న మొట్టమొదటి లైసెన్సు బాక్సింగ్ బౌట్‌లో నా కూతురు ఆడుతుందట, జూన్ 28న. ఈ వాక్యం నేను వీధిలో అందరికీ చెప్పాను. మందులషాపాయనకి మూడుసార్లు చెప్పానని ఆయన అంటున్నాడు. నాకు రెండే గుర్తున్నాయి. ఒకప్పుడు ఈ ఆట గోడౌన్లలో షట్టర్లు దించుకుని ఆడేవాళ్ళు. పోలీసు విజిల్ వినపడితే అందరికన్నా ముందు రిఫరీ గోడ దూకేవాడు. ఇప్పుడు అదే ప్రభుత్వం గ్లవ్స్ తూకం వేసి, చేతికట్టు మీద సంతకం పెట్టి, పక్కన డాక్టర్ని కూర్చోబెట్టి మరీ ఆడుకోండమ్మా అంటోంది. ఇంతకన్నా ఏం చూడాలి నేను.

ఇక ఫారం సంగతి. చివర్లో ‘ఇంటివారు నింపవలసిన పేజీ’ అని ఒకటి ఉంది. నువ్వేమో సంతకం ఒక్కటి పెట్టి వెనక్కి పంపు చాలు అని చీటీ పెట్టావు. నాకు మనసొప్పలేదు తల్లీ. ఏడో క్లాసు దాటని మనిషికి ప్రభుత్వం ఒక పేజీ ఇచ్చి, నీ కూతురి గురించి రాయవయ్యా అని అడిగితే సంతకంతో సరిపెట్టనా? ఉన్న జాగా చాలక ఆరు కాగితాలు జతచేశాను.

‘తలకు తగిలిన దెబ్బలు, స్పృహ తప్పిన సందర్భాలు’ అని ఒక గడి ఉంది. అక్కడ ఏం రాయాలా అని పెన్ను నములుతుంటే, మొన్న నువ్వు సెలవులకి వచ్చినప్పటి సంగతి తట్టింది. మే 16న మన వ్యాయామశాలలో ఆ పొడుగమ్మాయి కుడిచేత్తో ఒక్కటిస్తే నువ్వు వెల్లకిలా పడ్డావు. మాస్టారు పదిదాకా లెక్కపెట్టారు. మళ్ళీ మొదటినుంచి పదిదాకా పెట్టారు. నువ్వు కళ్ళు తెరవలేదు. కాసేపటికి లేచి, నిలబడి, మళ్ళీ చేతులెత్తావు. అదంతా పూసగుచ్చినట్టు రాశాను. పడినవాళ్ళని చాలామందిని చూశాను గానీ అలా లేచినదాన్ని చూడలేదు. చదివే ఆఫీసరుకి ఒళ్ళు జలదరించాలి.

మళ్ళీ నీకు పంపి, నువ్వు వాళ్ళకి పంపి, ఈ తిప్పలన్నీ ఎందుకని నేరుగా బాక్సింగ్ బోర్డుకే రిజిస్టర్ పోస్టులో పంపేశాను. రసీదు ఇందులో పెట్టాను, దాచుకో.

ఫోనులో చెప్పేవాణ్ణే. కానీ ముప్పై అయిదేళ్ళు దూది ఏకే మిషన్ పక్కన కూర్చున్న చెవులు కదా, నువ్వు ఔనంటే కాదని వినపడుతుంది. ఉత్తరమే మేలు.

మీ నాన్న


శిక్షణ హాస్టల్, మూడో అంతస్తు
జూన్ 1

నాన్నా,

సంతకం ఒక్కటి చాలని ఎర్ర ఇంకుతో రాశాను. కింద గీత కూడా గీశాను. వెనక్కి పంపమని రాశాను. ఒక్క ముక్కయినా విన్నావా?

నిన్న కోచ్ మేడమ్ పిలిచి బోర్డు కాగితం చేతిలో పెట్టారు. నా లైసెన్సు ఆపేశారు. పోటీలో అయినా సాధనలో అయినా స్పృహ తప్పితే అరవై రోజులు రింగ్ ఎక్కకూడదట. స్కాన్ తీయించి, అది బాగుంటేనే ఆ తర్వాత లైసెన్సు. మే 16 నుంచి అరవై రోజులంటే జూలై 15. నా బౌట్ జూన్ 28. ఇక నువ్వే చూసుకో.

మీ నాన్నగారు రాసింది నిజమేనా అని మేడమ్ అడిగారు. నేను గోడమీది పోటీల పట్టిక చూశాను. ఆవిడ నీ ఆరు కాగితాలూ నా ముందే చదివారు. మధ్యలో రెండుసార్లు నవ్వారు. తల ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

ఒక దారి ఉంది. రాసినవాళ్ళని బోర్డు డాక్టర్ స్వయంగా అడుగుతుంది. జూన్ 5న పదకొండు గంటలకి మన ఊరి ఆఫీసుకి నిన్ను పిలుస్తారు. వెళ్ళి, తడి మ్యాట్ మీద జారిపడింది, స్పృహలోనే ఉంది, లెక్కపెట్టడం అదీ నేను సంతోషం పట్టలేక కల్పించి రాశాను అని చెప్పు. నీ సంగతి తెలిసినవాళ్ళు ఎవరైనా నమ్ముతారు.

నాకేమీ కాలేదు నాన్నా. బాగా తింటున్నాను, బాగా నిద్రపోతున్నాను. తొమ్మిదేళ్ళుగా దీనికోసమే ఉన్నాను. నువ్వు పరుపుగుడ్డతో సంచి కుట్టి, దూది కుక్కి, దూలానికి వేలాడదీసి కొట్టు అన్నప్పటినుంచి. ఈ ఒక్క మాట చెప్పు. ఇంకేమీ అడగను.

నీ కూతురు


ఇంటి వసారా
జూన్ 5

తల్లీ,

నాన్న దీవించి రాసేది. ఆఫీసుకి వెళ్ళొచ్చాను. చొక్కా కూడా మార్చకుండా కూర్చుని రాస్తున్నాను.

నువ్వు చెప్పమన్నది చెప్పాలనే వెళ్ళాను. ఒట్టు. పొద్దున మీ అమ్మ స్టూలు మీద కూర్చుని డాక్టరులా అడిగింది, నేను జవాబు చెప్పాను. జారిపడింది అన్నాను. ఏ కాలు జారింది అంది. అది మనం అనుకోలేదు. ఎడమకాలు అని ఖాయం చేసుకున్నాం.

బోర్డు ఆఫీసు మున్సిపాలిటీ భవనంలో, మెట్ల కింద గది. ఒక ఫ్యాను, రెండు కుర్చీలు, గోడకి తలకాయని నిలువునా కోసి చూపించే బొమ్మ. ఆ డాక్టరమ్మ నీకన్నా నాలుగైదేళ్ళు పెద్దదేమో. నా కాగితాలు ముందు పెట్టుకుని, చక్కగా రాశారండీ అంది. అక్కడే సగం కరిగిపోయాను. అయినా తమాయించుకుని, జారిపడిందండీ, ఎడమకాలు అన్నాను. ఆవిడ రాసుకుంది. పెన్నుకి మూత పెట్టింది. అయిపోయిందనుకుని లేవబోయాను.

“లేచాక మీతో ఏమైనా మాట్లాడిందా?” అని అడిగింది, ఊరికే అడిగినట్టు.

నన్ను మాట్లాడమంటే ఆగుతానా. ఆఁ, భలే తమాషా చేసిందండీ అని మొదలుపెట్టాను. ఇంటికొచ్చే దారిలో ‘మనం బస్సులో వచ్చామా, నడిచి వచ్చామా?’ అని అడిగావు. నడిచే వచ్చాం అన్నాను. రెండు వీధులు దాటాక మళ్ళీ అదే అడిగావు. గుమ్మంలో చెప్పులు విప్పుతూ మళ్ళీ అదే. నన్ను ఆటపట్టిస్తున్నావనుకుని ఆ రోజంతా నవ్వాను. ఇదంతా ఆవిడకి నవ్వుతూ చెబుతున్నాను. ఆవిడ నవ్వడం లేదు. అప్పుడు నా మాటలు నాకు వినపడ్డాయి.

మన దుకాణంలో పాతదూది విడదీసే ఉక్కు బాబాయి కళ్ళముందు మెదిలాడు. గోడౌన్ రోజుల్లో ఒకే వారంలో మూడు పోటీలు ఆడి మూడూ గెలిచిన మనిషి. ఇప్పుడు పొద్దున వచ్చి, ఇవాళ ఏం వారం అంటాడు. పదింటికి అంటాడు. అన్నం ముందు అంటాడు. ఇన్నేళ్ళుగా అది ఆయన అలవాటు అనుకుంటున్నాం. ఆ రోజుల్లో ఆయన ఇంటివాళ్ళకి ఎవరూ ఏ పేజీ ఇవ్వలేదు.

“అమ్మా, నేను చెప్పింది కొట్టేయండి” అన్నాను. “జారలేదు. దెబ్బకి పడింది. చాలాసేపు కళ్ళు తెరవలేదు.”

“ఇలా చెబితే మీ అమ్మాయికి ఈ బౌట్ పోతుంది. తెలుసు కదా?”

“తెలుసమ్మా. ఆ సంగతి దానికి రాయాల్సింది కూడా నేనే.”

మొదటి దెబ్బ మానకుండా రెండోది తగిలితే ఏమవుతుందో ఆ గోడమీది బొమ్మ దగ్గరికి తీసుకెళ్ళి వేలుపెట్టి చూపించింది. అది మాత్రం నీకు రాయలేను.

నన్ను తిట్టు. ఎన్ని కాగితాలైనా తిట్టు. కానీ స్కాన్ తీయించుకో.

మీ నాన్న


(కార్డు) హాస్టల్
జూన్ 9

అందింది. నా బౌట్ వేరే అమ్మాయికి ఇచ్చారు. స్కాన్‌కి మేడమ్ తీసుకెళ్ళారు. నాకు ఉత్తరాలు రాయకు.


పరుపుల దుకాణం
జూలై 2

తల్లీ,

రాయకు అన్నావు, నిజమే. మీ అమ్మ కూడా కొన్నాళ్ళు ఊరుకోమంది. ఇరవై మూడు రోజులు ఊరుకున్నాను. నా జన్మలో అంత ఊరుకోవడం ఇదే మొదలు.

జూన్ 28న బౌట్ టీవీలో వచ్చింది. మందులషాపాయన పిలిచాడు. వెళ్ళలేదు. ఆ వేళకి దుకాణంలో కూర్చుని, కుట్టిన పరుపునే మళ్ళీ కుట్టాను.

కానీ ఒకటి చెప్పకుండా ఉండలేను. ఆ చట్టం పుస్తకం తెప్పించుకున్నాను. తెలుగులోనే ఉంది గానీ, ఒక్కో వాక్యం మొదలైన చోటు మరిచిపోయాక గానీ పూర్తి కాదు. రోజుకో పేజీ చదువుతున్నాను. అబ్బ, ఎంత బాగుందో. బయట అంబులెన్సు లేకపోతే గంట కొట్టకూడదట. బరువు తూచాక ఒక్కరోజులో ఇంత కన్నా పెరిగితే ఆపేయాలట. డాక్టర్ ఆపమంటే రిఫరీ ఎందుకని అడగకూడదట. ఎవరో కూర్చుని, మన పిల్లల తలల గురించి ఇంతింతగా ఆలోచించి, సెక్షన్లు వేసి రాశారు. వాళ్ళెవరో తెలిస్తే ఇంటికి వెళ్ళి ఒక్కొక్కరికీ పరుపు కుట్టి ఇచ్చి వస్తాను.

జవాబు రాయక్కర్లేదు. స్కాన్ ఏమైందో ఒక్క ముక్క మీ అమ్మకి రాయి. నేను చదవను. ఆవిడ చదువుతుంటే పక్కన ఉంటాను, అంతే.

మీ నాన్న


హాస్టల్, మూడో అంతస్తు
జూలై 19

నాన్నా,

నీకే రాస్తున్నాను. అమ్మ పక్కన కూర్చోనక్కర్లేదు.

నీ జూలై ఉత్తరం వచ్చిన రోజే చదివాను. జవాబు రాయలేదు. ఎందుకంటే ముందు నీకొక నిజం చెప్పాలి, అది చెప్పడానికి నాకు ఇన్నాళ్ళు పట్టింది. బాగా తింటున్నాను, బాగా నిద్రపోతున్నాను అని రాశాను కదా. అబద్ధం. సెలవుల నుంచి వచ్చినప్పటినుంచి తలనొప్పి. కిటికీ వెలుగు చూస్తే కళ్ళు మండేవి. తలకి తువ్వాలు బిగించి కట్టుకుని పడుకునేదాన్ని. ఒకరోజు పొద్దున పరుగు మధ్యలో కక్కుకున్నాను, ఎవరికీ కనపడకుండా మట్టి కప్పేశాను. బౌట్ దాకా ఓర్చుకుంటే చాలనుకున్నాను. నిన్ను అబద్ధం చెప్పమన్న రోజు కూడా తువ్వాలు కట్టుకునే రాశాను.

జూన్ స్కాన్‌లో లోపల వాపు కనపడింది. స్కాన్ చూసిన డాక్టర్ నన్నేమీ అనలేదు. బౌట్ తేదీ ఎప్పుడని మాత్రం అడిగింది. చెప్పాను. పెన్ను కింద పెట్టింది. అంతే.

అయినా నీ మీద కోపం పోలేదు. అదేమిటో నాకే తెలియదు. నువ్వు చేసింది సరైనదని తెలిసేకొద్దీ ఇంకా కోపం వచ్చేది. నా స్థానంలో ఆడిన అమ్మాయి గెలిచింది. ఆ రోజు స్నానాలగదిలో కుళాయి తిప్పుకుని కూర్చున్నాను.

మొన్న మళ్ళీ స్కాన్ తీశారు. వాపు లేదు. తలనొప్పి పోయి మూడు వారాలైంది. నిన్న లైసెన్సు వచ్చింది. చిన్న పుస్తకం, నీలం అట్ట. నా ఫొటోలో దొంగలా ఉన్నాను. సెప్టెంబరు 14, మధ్యాహ్నం మూడు గంటలకి నా మొదటి బౌట్. నువ్వు రా. రింగ్ మూల నా కార్నర్‌లోకి రావడానికి వీల్లేదు, అక్కడ లైసెన్సున్నవాళ్ళే ఉండాలి, ఆ సెక్షన్ నువ్వు చదివే ఉంటావు. కుర్చీలో కూర్చో. కుర్చీ ఎక్కొద్దు.

నీ పిడుగు


ఇంటి ముందుగది
జూలై 23

నా పిడుగా, నా బంగారమా,

నీలం అట్ట అట. మీ అమ్మకి నాలుగుసార్లు చదివి వినిపించాను. తువ్వాలు ముక్క దగ్గర ప్రతిసారీ నాకు గొంతు పడిపోయింది, లైసెన్సు ముక్క దగ్గర ప్రతిసారీ లేచింది. మీ అమ్మ, ఇలా అయితే ముందు మీకు స్కాన్ తీయించాలి అంటోంది.

నీ కోపం పోకపోతే పోనీ. ఉంచుకో. ఆరోగ్యంగా ఉంచుకో.

టికెట్టు ఇవాళే తీసుకున్నాను. బౌట్‌కి ఇంకా యాభై మూడు రోజులు ఉంది గానీ పెట్టె సర్దేశాను. కుర్చీ సంగతి మాట ఇవ్వలేను.

మీ నాన్న


తిరుగు రైలు, కిటికీ పక్క సీటు
సెప్టెంబరు 15

తల్లీ,

నాన్న దీవించి రాసేది. అక్షరాలు గెంతుతున్నాయి, బండి కుదుపు. సగం నా కుదుపు.

మొదటి సంగతి, నువ్వు గెలిచావు. నీకు తెలుసు. అయినా నేను రాయాలి. గంట కొట్టడానికి అంబులెన్సు రాలేదని ఇరవై నిమిషాలు ఆపేశారు కదా, హాలంతా ఈలలు. నా వెనకాయన ఈ రూల్సు ఎవడు పెట్టాడో అని గొణిగితే, వెనక్కి తిరిగి సెక్షన్ నంబరుతో సహా చెప్పాను. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. మూడో రౌండులో నువ్వు ఎడమచెయ్యి అలా కిందినుంచి తీసుకొచ్చి, ఆ వెంటనే కుడిచెయ్యి వేశావు చూడు, అప్పుడు నేను ఎక్కడున్నానంటే కుర్చీ మీద. రెండు కాళ్ళూ. నలుగురు కిందికి లాగారు.

రిఫరీ రెండు చేతులూ ఊపి ఆపేశాడు. నీ చెయ్యి పైకెత్తారు. మూత్రం పరీక్షకని, డాక్టర్ పరీక్షకని నిన్ను లోపలికి తీసుకెళ్ళారు. ఆ తర్వాత బయట జరిగింది నీకు తెలియదు. సాయంత్రం స్టేషన్ బస్సు దాకా వచ్చి నన్ను సాగనంపినప్పుడు చెప్పాలనుకున్నాను. నీ ముఖంలో ఆ వెలుగు చూసి నోరు రాలేదు. అందుకే ఈ ఉత్తరం.

నా ముందు వరసలో ఒకాయన లేచి అరుస్తున్నాడు. “మా పిల్ల నిలబడే ఉంది కదయ్యా. కాళ్ళ మీదే ఉంది కదయ్యా. ఎవడు ఆపమన్నాడు?” నీతో ఆడిన అమ్మాయి తండ్రి. నీళ్ళ ట్యాంకరు డ్రైవరట. నేను ఇందాకటిదాకా కుర్చీ మీద గంతులేసినవాణ్ణని చూసి నా చొక్కా పట్టుకున్నాడు. పట్టుకోనిచ్చాను. నేనైనా అంతే కదా. నిలబడింది, నిలబడింది అని ఆరు కాగితాలు నింపినవాణ్ణే కదా.

ఇంతలో డాక్టర్ బల్ల దగ్గరినుంచి పిలుపొచ్చింది, ఆ అమ్మాయి తాలూకు ఎవరైనా రావాలని. ఆయన అటు కాకుండా బయటి గుమ్మం వైపు తిరిగాడు. నేను భుజం కింద చెయ్యి వేసి తీసుకెళ్ళాను. ఆ అమ్మాయి కుర్చీలో కూర్చుని ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి, మమ్మల్ని చూడటం లేదు.

“ఈ నెలరోజుల్లో తలకి దెబ్బ ఏమైనా తగిలిందా?” అని డాక్టర్ అడిగాడు.

ఆయన డాక్టర్ని చూడలేదు. నన్ను చూశాడు.

“చెబితే లైసెన్సు పోతుందా అన్నా?”

“కొన్నాళ్ళు ఆగుతుంది.”

“అది నాతో మాట్లాడదు.”

“మాట్లాడదు” అన్నాను. “మా అమ్మాయి నాతో నలభై రోజులు మాట్లాడలేదు. ఆ నలభై రోజులూ పొద్దున్నే లేచి, ఎక్కడో ఒకచోట చక్కగా బతికి ఉండి నా మీద మండిపడుతోంది అనుకుని టీ తాగేవాణ్ణి. ఎంత బాగుండేదో ఆ టీ.”

ఆయన నా చొక్కా వదిలాడు. అప్పటిదాకా ఒక చేత్తో పట్టుకునే ఉన్నాడు. పన్నెండు రోజుల కింద సాధనలో తగిలింది, ఎవరికీ చెప్పొద్దని తనచేత ఒట్టు వేయించుకుంది అని చెప్పాడు. ఇరవై నిమిషాలు మనల్ని ఆపిన ఆ అంబులెన్సే, నిమిషంలో ఆ పిల్లని ఎక్కించుకుని వెళ్ళింది. ఆయన ముందు సీట్లో ఎక్కాడు, డ్రైవరు కదా, అలవాటుగా. మళ్ళీ దిగి వెనక్కి, కూతురి పక్కకి వెళ్ళాడు.

నువ్వు తప్పు చేయలేదు. అది మనసులో పెట్టుకోకు. నువ్వు ఆడావు, ఆపాల్సినవాడు ఆపాడు. అందుకే కదా ఇదంతా. కానీ ఆ అమ్మాయిని చూసి రా. పెద్దాసుపత్రిలోనే ఉంచుతారట. పళ్ళు పట్టుకెళ్ళు. గెలుపు గురించి మాట్లాడకు, సానుభూతి అసలే చూపకు, ఆడేవాళ్ళకి అది కిట్టదని నీకు తెలుసు. ఊరికే కూర్చో.

స్టేషన్ వస్తోంది. ప్లాట్‌ఫారం మీద మీ అమ్మ ఉంటుంది. కిటికీలోంచే అరిచి చెప్పేస్తాను, నువ్వు గెలిచావని.

మీ నాన్న


పెద్దాసుపత్రి, రెండో అంతస్తు, వార్డు బయట బల్ల
సెప్టెంబరు 19

నాన్నా,

నీ ఉత్తరం పొద్దున అందింది. అందేసరికే నేను రెండుసార్లు వెళ్ళొచ్చాను. ఆ అమ్మాయి ఇక్కడుందని బౌట్ మర్నాడే మేడమ్ చెప్పారు. ఇది మూడోసారి.

బాగానే ఉంది. లోపల చిన్న రక్తపుగడ్డ ఉందట. ఆపరేషన్ అక్కర్లేదు, దానంతటదే కరుగుతుంది అన్నారు. ఒక్క రౌండు ఎక్కువ ఆడనిచ్చి ఉంటే ఏమయ్యేదో డాక్టర్ చెప్పబోయాడు, మేమిద్దరం వినం అన్నాం. ఆరు నెలలు రింగ్ ఎక్కకూడదు. ఆ తర్వాత నన్ను చితకబాదుతుందట. ఏడో నెల మొదటివారం ఖాళీగా ఉంచుకోమంది. నా ఎడమచెయ్యి వచ్చే ముందు కుడిమోకాలు కాస్త వంగుతుందట, అది చూసుకోమని కూడా చెప్పింది. మేడమ్ రెండేళ్ళుగా అదే చెబుతున్నారు.

నాతో గంటలు గంటలు మాట్లాడుతోంది. నర్సుతో మాట్లాడుతోంది. పక్క మంచం ముసలమ్మతో మాట్లాడుతోంది. వాళ్ళ నాన్న లోపలికి వస్తే మాత్రం గోడవైపు తిరుగుతుంది. డాక్టర్‌కి చెప్పేశాడని. ఇవాళ్టికి అయిదో రోజు. ఆయన రోజూ వస్తాడు, కుర్చీలో కాసేపు కూర్చుంటాడు, దాని వీపు చూస్తాడు, కిందికెళ్ళి టీ తాగి మళ్ళీ వస్తాడు.

ఇందాక ఈ బల్ల మీద నా పక్కన కూర్చున్నాడు. నేను నీకు రాస్తున్నానని తెలిసి, నీ అడ్రసు అడిగాడు. ఇచ్చాను. ఒక సంగతి కూడా కనుక్కోమన్నాడు. నలభైలో ఇవాళ్టికి అయిదు అయ్యాయి కదా, మిగతా ముప్పై అయిదు రోజుల్లో మధ్యలో ఎప్పుడైనా కాస్త తగ్గుతుందా, లేకపోతే చివరిదాకా ఇలాగే ఉంటుందా అని.

తెలియదన్నాను. నువ్వే రాయి ఆయనకి. నీకిష్టమైనన్ని కాగితాలు.

నీ పిడుగు